నికోటిన్ పట్టు: సిగరెట్, బీడీ, చుట్ట, ఖైనీ మానేవారికి కావలసిన లెక్కలు

నిద్ర లేచాక ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్ ముట్టిస్తున్నారు? ఖైనీ అయితే ఎంతసేపటికి మొదటి చిటికెడు పెదవి కింద పెడుతున్నారు? పొగాకు మాన్పించే డాక్టర్లు ముందుగా అడిగేది ఇదే. రోజుకు ఎన్ని అని కూడా అడుగుతారు గానీ, పట్టు ఎంత బిగిసిందో మొదటి ప్రశ్నే ఎక్కువగా చెబుతుంది. రక్తంలోని నికోటిన్ సగానికి పడిపోవడానికి సుమారు 2 గంటలు పడుతుంది. రాత్రి 10కి ఆఖరి సిగరెట్ ఆర్పి, పొద్దున 6కి లేచిన మనిషి ఒంట్లో అది పదహారో వంతుకు దిగి ఉంటుంది. పక్క దిగకముందే చెయ్యి ప్యాకెట్టు కోసం తడుముతోందంటే ఆ లోటును మెదడు ఓర్చుకోలేకపోతోందన్నమాట. టిఫిను తిని, పేపరు చదివి, గంట దాటాక గుర్తొస్తుంటే పట్టు ఇంకా వదులుగానే ఉంది.

మానలేకపోయినవారిని ఇంట్లో అందరూ "మనసు గట్టిది కాదు" అంటారు. కొన్నాళ్లకు ఆ మనిషీ అదే నమ్ముతాడు. అది అన్యాయమైన మాట. నికోటిన్ ఎంత వేగంగా ఎక్కుతుంది, ఎంతసేపటికి దిగుతుంది, దిగినప్పుడు ఒంట్లో ఏమవుతుంది అన్న సంగతి తెలియకుండా, ఒట్టు పెట్టుకుని మానబోతే రెండో రోజో మూడో రోజో కాళ్లు కిళ్లీ కొట్టు వైపు నడవడంలో వింతేమీ లేదు. ఏ రోజు ఏ కష్టం వస్తుందో ముందే తెలిస్తే దానికి తగిన ఏర్పాటు చేసుకోవచ్చు. చాలా కష్టాలకు మందు కూడా ఉంది.

ఒక్క దమ్ము చేసే పని

సిగరెట్ పొగ గుండెల నిండా పీల్చాక నికోటిన్ మెదడుకు చేరడానికి 10 నుంచి 20 సెకన్లు చాలు. ఊపిరితిత్తుల్లో రక్తానికి పట్టిన నికోటిన్ నేరుగా గుండె ఎడమ వైపుకు వచ్చి, అక్కణ్నుంచి మెదడుకు ఎక్కేస్తుంది. ఒక సిగరెట్‌లో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ నికోటిన్ ఉన్నా, చాలా భాగం కాలిపోయి, గాలిలో కలిసిపోయి, ఒంటికి పట్టేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. ఆ కాస్తే చాలు.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. నికోటిన్ కూడా వాటికి అతుక్కోగలదు. అతుక్కున్న మరుక్షణం డోపమిన్ విడుదలవుతుంది. ఆకలి మీద అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు "ఇది బాగుంది, మళ్లీ చెయ్యి" అని మెదడు గుర్తు రాసుకునేది ఈ డోపమిన్‌తోనే. ఇక్కడ అసలు కిటుకు వేగం. పీల్చిన కొన్ని సెకన్లకే ఫలితం దక్కితే ఆ పనికీ ఆ ఫలితానికీ మధ్య మెదడు గట్టి ముడి వేస్తుంది. సిగరెట్‌కు 10 దమ్ముల చొప్పున రోజుకు 20 తాగేవారు ఆ ముడిని రోజుకు 200 సార్లు, ఏడాదికి 73,000 సార్లు బిగిస్తున్నారు. ఎంత తాగుబోతైనా రోజుకు 200 సార్లు గ్లాసు ఎత్తడు. ఆ ముడి టీ గ్లాసుకూ, భోజనానికీ, ఫోన్ మోగడానికీ, బస్సు కోసం ఎదురుచూడటానికీ కూడా పడుతుంది. ఒంట్లోంచి నికోటిన్ పూర్తిగా పోయిన నెలల తర్వాత కూడా టీ వాసనకు సిగరెట్ గుర్తుకు రావడం ఇందుకే.

రోజూ నికోటిన్ తాకిడి తగులుతుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడు వాటి సంఖ్యను పెంచుకుంటుంది. రాత్రి నిద్రలో అవి తేరుకుని, తెల్లవారేసరికి చాలావరకు ఖాళీగా ఉంటాయి. పొద్దున మొదటి సిగరెట్ అంత హాయిగా, సాయంత్రం పదిహేనోది చప్పగా ఉండటానికి కారణం అదే.

"టెన్షన్ తగ్గుతుంది, అందుకే తాగుతాను" అనేవారు అబద్ధం చెప్పడం లేదు. తాగగానే చిరాకు తగ్గడం నిజమే. కానీ ఆ చిరాకులో పెద్ద వాటా ఇంతకుముందు తాగిన సిగరెట్ దిగిపోవడంతో వచ్చిందే. తను పెట్టిన మంటను తనే ఆర్పి మంచిపేరు తెచ్చుకుంటుంది సిగరెట్. ఒంట్లో జరిగేది మాత్రం దానికి పూర్తి విరుద్ధం. అడ్రినలిన్ ఎగదన్ని, గుండె నిమిషానికి 10 నుంచి 15 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది.

మానేశాక, పెరిగిన ఆ గ్రాహకాలు మామూలు సంఖ్యకు రావడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. మనిషిని పట్టి ఉంచేది నికోటిన్. క్యాన్సర్ తెచ్చేది మాత్రం ముఖ్యంగా పొగలోని తారు, పొగాకులోని నైట్రోసమైన్లు అనే రసాయనాలు. రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించేది కార్బన్ మోనాక్సైడ్. నికోటిన్ మంచిదని కాదు. గర్భంలోని బిడ్డకూ, ఎదిగే పిల్లల మెదడుకూ అది హానే. కానీ "నికోటిన్ గమ్ కూడా విషమే కదా, సిగరెట్ మాని అది నమలడం దేనికి" అని మందు మధ్యలో ఆపేసి, నెల తిరక్కముందే మళ్లీ సిగరెట్‌కు చేరుకునేవారికి ఈ తేడా తెలియడం చాలా అవసరం. గమ్‌లో తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు.

ఖైనీలో సున్నం ఎందుకు

సిగరెట్ పొగకు కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. ఆమ్లంలో నికోటిన్ నోటి పొరల గుండా దిగదు, అందుకే సిగరెట్ పొగను ఊపిరితిత్తుల దాకా పీల్చాల్సి వస్తుంది. చుట్ట పొగది క్షార గుణం. క్షారంలో నికోటిన్ స్వేచ్ఛగా ఉండి, బుగ్గ లోపలి పొర నుంచే రక్తంలో కలిసిపోతుంది. "నేను చుట్ట పొగ లోపలికి పీల్చను, నోట్లోనే ఉంచి వదిలేస్తాను" అనే పెద్దాయనకు నికోటిన్ ఏమీ తక్కువ కావడం లేదు. అరచేతిలో పొగాకు వేసి సున్నం రాసి నలపడం వెనక ఉన్నదీ ఈ రసాయన శాస్త్రమే. సున్నం క్షారం. అది తగలగానే ఆకులో కట్టుబడి ఉన్న నికోటిన్ విడివడుతుంది. సున్నం ఎక్కువైతే పెదవి పొక్కుతుంది, ఆ పుండు గుండా నికోటిన్ మరింత త్వరగా దిగుతుంది.

ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ నోట్లో ఉన్నంతసేపూ నికోటిన్ నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటుంది. సిగరెట్ అంత వేగంగా ఎక్కదు, అంత వేగంగా దిగదు కూడా. రోజు మొత్తం మీద ఒంటికి పట్టేది సిగరెట్లతో సమానంగానో, అంతకు మించో ఉండొచ్చు. దేశంలో 2016-17లో జరిగిన పెద్దల పొగాకు సర్వేలో పొగ తాగేవారు 10.7 శాతం ఉంటే, నమిలే పొగాకు, ముక్కుపొడి లాంటి పొగ లేని పొగాకు వాడేవారు 21.4 శాతం ఉన్నారు. అయినా "మానండి" అనే ప్రచారమంతా సిగరెట్ బొమ్మ చుట్టూనే తిరుగుతుంది. పనికి పోతూ కొంగున తంబాకు ముడి వేసుకునే ఆడవాళ్లకు ఆ మాట తమకు కాదనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు, చుట్ట కాలే కొసను నోటి లోపల ఉంచుకుని తాగే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. వేడీ పొగా నేరుగా అంగిలికి తగిలి అక్కడే క్యాన్సర్ పుడుతుంది. మిగతా చోట్ల అంగిలి క్యాన్సర్ ఇంతగా కనపడదు.

బీడీ "ఆకే కదా, సిగరెట్ అంత చెడ్డది కాదు" అనే మాట కూడా తప్పే. తునికాకు నుంచి గాలి చొరబడదు, మాటిమాటికీ ఆరిపోతుంది. ఆరకుండా ఉండాలంటే గట్టిగా, త్వరత్వరగా లాగాలి. లాగే కొద్దీ కార్బన్ మోనాక్సైడూ నికోటిన్ కూడా ఎక్కువగా పోతాయి. పేరులో "లైట్" అని రాసుకున్న సిగరెట్ల సంగతీ అంతే. ఫిల్టర్ చుట్టూ సన్నని రంధ్రాలు పెట్టి యంత్రం మీద నికోటిన్ తక్కువ చూపిస్తారు. మనిషి వేళ్లతో ఆ రంధ్రాలు మూసుకుని, ఇంకా లోతుగా పీల్చి తనకు కావలసిన మోతాదు రాబట్టుకుంటాడు.

చర్మం నుంచి కూడా నికోటిన్ ఒంట్లోకి దిగుతుంది. ప్రకాశం, గోదావరి జిల్లాల్లో పొగాకు పండించేవారికి ఇది తెలిసిన బాధే. మంచుకో వానకో తడిసిన పచ్చి ఆకును ఒట్టి చేతులతో కోసి, చంకన పెట్టుకుని, ఆకు క్యూరింగ్ చేసే బ్యారన్ దాకా మోస్తే ఆ సాయంత్రానికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పి వాంతులవుతాయి. ఆకు ఆరాక కోయడం, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం, తడిసిన బట్టలు వెంటనే మార్చుకుని సబ్బుతో కడుక్కోవడం దీనికి విరుగుడు. మానేవారు ఒంటికి అంటించుకునే పట్టీ, అంటే నికోటిన్ ప్యాచ్, పనిచేసేది కూడా చర్మంలోని ఈ దారి గుండానే, కాకపోతే కొలిచిన మోతాదులో.

మీ పట్టు ఎంతో లెక్క వేసుకోండి

ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష అని ఆరు ప్రశ్నల కొలత ఒకటి ప్రపంచమంతా వాడతారు. లేచిన 5 నిమిషాల్లోపు మొదటి సిగరెట్ అయితే 3 మార్కులు, 6 నుంచి 30 నిమిషాలైతే 2, 31 నుంచి 60 అయితే 1, గంట దాటితే సున్నా. రోజుకు 10 వరకు తాగితే సున్నా, 11 నుంచి 20 అయితే 1, 21 నుంచి 30 అయితే 2, 30 దాటితే 3. మిగతా నాలుగింటికి తలా ఒక మార్కు: తాగకూడని చోట, అంటే గుడిలో, ఆసుపత్రిలో, సినిమా హాల్లో, ఆగడం కష్టంగా ఉందా, వదులుకోలేనిది పొద్దున మొదటిదేనా, మిగతా రోజు కన్నా పొద్దుటి గంటల్లోనే ఎక్కువ తాగుతున్నారా, జ్వరంతో మంచాన పడి ఉన్నా తాగుతున్నారా. మొత్తం 10కి 4 లోపు వస్తే మాట సాయంతో, కొద్దిపాటి గమ్‌తో గట్టెక్కవచ్చు. 6 దాటితే మందు లేకుండా మానబోవడం మిమ్మల్ని మీరు అనవసరంగా హింసించుకోవడమే.

తేదీకి ముందు వారం

రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకోండి. అంతకన్నా దూరం పెడితే అది జారిపోతుంది. పెళ్లి, పండగ, ఆడిట్, పరీక్షలు లేని రోజు చూసుకోండి. రోజుకొకటి తగ్గించుకుంటూ పోవడం కన్నా ఒకే రోజున పూర్తిగా ఆపినవారే కాస్త ఎక్కువ మంది నిలబడతారు. తగ్గించే కొద్దీ మిగిలిన ఆ రెండు మూడు సిగరెట్లు మరీ ప్రియమైపోతాయి, ఒక్కొక్కదాన్నీ పీల్చి పిప్పి చేస్తారు.

ఈ వారం తాగడం ఆపక్కర్లేదు, రాయండి చాలు. ప్యాకెట్టుకో ఖైనీ డబ్బీకో ఒక కాగితం రబ్బరుబ్యాండుతో కట్టి, ముట్టించే ముందు సమయం, చోటు, పక్కన ఎవరున్నారు, ఎంతగా కావాలనిపించింది అన్నది రాయండి. ఎంతగా అన్నదానికి 1 నుంచి 5 వరకు అంకె వేస్తే చాలు. నాలుగు రోజులయ్యాక చూస్తే రెండు రకాలు విడిపోతాయి. ఒకటి నికోటిన్ దిగిపోవడంతో తాగినవి: పొద్దుటివి, ప్రయాణం తర్వాతవి. వాటికి మందు పనిచేస్తుంది. రెండోది టీతో, భోజనం అయ్యాక, మరుగుదొడ్డికి వెళ్లేముందు, నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి, తోటివాడు ముట్టించాడని తాగినవి. వీటికి మందు సగమే పనిచేస్తుంది, ఆ సందర్భాన్నే మార్చాలి. టీ కొట్టు దగ్గర నిలబడి తాగే టీని కొన్నాళ్లు కూర్చుని తాగండి, లేదా ఇంట్లోనే తాగి బయల్దేరండి. భోజనం కాగానే లేచి పళ్లు తోముకోండి. మలబద్ధకం వస్తుందన్న భయంతో పొద్దుటి సిగరెట్ వదలలేనివారు చాలామందే ఉంటారు. నికోటిన్ పేగులను కదిలించే మాట నిజమే, మానాక కొన్ని వారాలు ఇబ్బంది ఉంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రోజూ జామకాయో ఆకుకూరో, సరిపోకపోతే రాత్రి ఇసబ్‌గోల్.

టీ, కాఫీలను మానే రోజు నుంచి సగానికి తగ్గించండి. ఈ సలహా తెలియక చాలామంది బాధపడతారు. పొగలోని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును ఉరకలెత్తిస్తాయి, అది కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. పొగ ఆగితే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది, అవే నాలుగు కప్పుల కాఫీకి రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. "సిగరెట్ మానితే నాకు పడటం లేదు" అనుకుని మళ్లీ ముట్టిస్తారు. ఇది పొగ వల్ల జరిగేది, నికోటిన్ వల్ల కాదు, కాబట్టి ఖైనీ మానేవారికి ఈ బెడద లేదు. ఇదే కారణంగా మానసిక జబ్బులకు క్లోజపిన్, ఒలాంజపిన్, ఆయాసానికి థియోఫిలిన్ వాడేవారు సిగరెట్ మానే ముందు తప్పకుండా డాక్టరుకు చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవారు మొదటి వారాల్లో ఎక్కువసార్లు పరీక్ష చేసుకోవాలి.

తేదీ ముందు రాత్రి ప్యాకెట్లు, లైటరు, యాష్‌ట్రే, సున్నపు డబ్బీ, బండి డిక్కీలో దాచినది, ఆఫీసు సొరుగులోనిది అన్నీ పారేయండి. "అవసరానికి ఒకటి" దాచుకుంటే ఆ అవసరం రెండో రోజే వస్తుంది.

గమ్ నమలడం కాదు, నానబెట్టడం

నికోటిన్ గమ్ కొని "పనిచేయలేదు" అనేవారు చాలావరకు దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవారే. గబగబా నమిలితే నికోటిన్ ఉమ్ములో కలిసి కడుపులోకి పోతుంది. కడుపు నుంచి కాలేయానికి వెళ్లేసరికి చాలా భాగం విరిగిపోతుంది, మెదడుకు చేరేది కొంచెమే. మిగిలేవి ఎక్కిళ్లు, గుండెలో మంట, వికారం. సరైన పద్ధతి ఇది:

1. వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుంచి టీ, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, కూల్‌డ్రింక్ ముట్టవద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గ గుండా దిగదు. ఖైనీకి సున్నం ఎందుకన్నదే ఇక్కడా వర్తిస్తుంది.
2. మిరియపు ఘాటు, నాలుక చురచుర తెలిసేదాకా నెమ్మదిగా నమలండి. ఎనిమిది పది నములుళ్లు చాలు.
3. ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచండి. చురచుర తగ్గేవరకు, అంటే నిమిషం పాటు కదపవద్దు.
4. మళ్లీ నాలుగు నములుళ్లు, మళ్లీ రెండో వైపు బుగ్గన. ఇలా అరగంట. ఆ తర్వాత అందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

లేచిన అరగంట లోపు తాగేవారికి 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత తాగేవారికి 2 మిల్లీగ్రాములది. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాతి 3 వారాలు 2 నుంచి 4 గంటలకొకటి, ఆఖరి 3 వారాలు 4 నుంచి 8 గంటలకొకటి. రోజుకు 24 మించవద్దు. గ్రాహకాలు తగ్గడానికి పట్టే 6 నుంచి 12 వారాల లెక్కకు ఈ కోర్సు సరిపోతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు అతిగా వాడటం కాదు, రోజుకు మూడు నాలుగుతో సరిపెట్టి రెండు వారాలకే ఆపేయడం. బాగా కావాలనిపించాక వేసుకుంటే ఆలస్యమైనట్టే. గమ్ నుంచి నికోటిన్ ఎక్కడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. గడియారం చూసి వేసుకోండి. సిగరెట్ ఇచ్చినంత ఊపు దాన్నుంచి ఆశించవద్దు. రక్తంలో సిగరెట్ ఇచ్చేదాంట్లో సగమో అంతకు తక్కువో చేరుతుంది, అదీ నెమ్మదిగా. మెదడు కొత్త ముడి వేసుకోకుండా కాపాడేది ఆ నెమ్మదే.

కట్టుడు పళ్లు ఉన్నవారికి, ఖైనీతో నోరు పుండ్లయినవారికి గమ్ బదులు ప్యాచ్ నయం. రోజుకు 10 కన్నా ఎక్కువ సిగరెట్లు తాగేవారు 21 మిల్లీగ్రాములది 6 వారాలు, తర్వాత 14ది 2 వారాలు, 7ది 2 వారాలు. అంతకు తక్కువ తాగేవారు 14తో మొదలుపెట్టాలి. వెంట్రుకలు లేని, నూనె రాయని, పొడి చర్మం మీద, భుజం దగ్గరో ఛాతీ మీదో అంటించి అరచేత్తో 10 సెకన్లు అదమండి. రోజూ చోటు మార్చండి. మన ఎండల్లో చెమటకు ఊడిపోవడం మామూలే, స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక అంటిస్తే నిలుస్తుంది. కలలు, నిద్రాభంగం ఎక్కువైతే పడుకునేముందు తీసేయండి. అయితే అలా తీసేసినవారికి పొద్దున కొత్తది అంటించాక మోతాదు ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలకు గమ్ తోడు కావాలి. నిజానికి రోజంతా ప్యాచ్, యావ పుట్టినప్పుడు గమ్ అని రెండూ కలిపి వాడటమే ఏ ఒక్కదానికన్నా బాగా పనిచేస్తుంది. వాడిన ప్యాచ్‌లో కూడా చిన్నపిల్లలను ఆసుపత్రి పాలు చేసేంత నికోటిన్ మిగిలి ఉంటుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి.

ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పేవారు, గర్భిణులు, 18 ఏళ్లు నిండనివారు డాక్టరును అడగకుండా ఇవి మొదలుపెట్టవద్దు. బీడీ తాగేవారిలో కాలి వేళ్లు నల్లబడి, నడిస్తే పిక్కలు పట్టేసే బర్జర్స్ వ్యాధి వస్తుంటుంది. వారికి గమ్, ప్యాచ్‌లలోని నికోటిన్ కూడా పనికిరాదు, నికోటిన్ లేని మాత్రలే దారి.

ఆ మాత్రలు రెండున్నాయి, రెండూ డాక్టరు చీటీతోనే. వారెనిక్లిన్ నికోటిన్ గ్రాహకాలకే సగం బలంతో అతుక్కుంటుంది. అది ఉండగా సిగరెట్ తాగినా చప్పగా ఉంటుంది. మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి 12 వారాలు వాడతారు. మొదటి 3 రోజులు 0.5 మిల్లీగ్రాములు ఒక పూట, తర్వాతి 4 రోజులు రెండు పూటలా, ఆ తర్వాత 1 మిల్లీగ్రాము రెండు పూటలా. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం తప్పదు, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గుతుంది. రెండోది బ్యుప్రోపియాన్. ఫిట్స్ వచ్చినవారికి ఇది ఇవ్వరు. ఇ-సిగరెట్ మన దేశంలో 2019 నుంచి నిషేధం, దొంగచాటుగా దొరికేదాంట్లో నికోటిన్ ఎంత ఉందో చెప్పేవారు లేరు.

రెండో రోజు, మూడో రోజు

ఆపిన కొన్ని గంటల్లోనే చిరాకు, దృష్టి నిలవకపోవడం, ఆకలి మొదలవుతాయి. రెండు, మూడు రోజులకు అవి పతాక స్థాయికి చేరి, అక్కణ్నుంచి దిగుముఖం పడతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. కాబట్టి శుక్రవారం పొద్దున ఆపితే అత్యంత కష్టమైన గంటలు శనాదివారాల్లో పడతాయి. ఇంట్లో ఉండి గట్టెక్కగలరా, పనిలో పడితేనే గట్టెక్కగలరా అన్నది మీకే తెలుసు, దాన్నిబట్టి వారం ఎంచుకోండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి: ఈ మూడు రోజులు కసురుకుంటాను, పట్టించుకోవద్దు అని.

నాలుక పీకే ఒక్కో యావా మూడు నుంచి అయిదు నిమిషాలుంటుంది. తాగినా తాగకపోయినా అది దిగిపోతుంది. ఫోన్‌లో అయిదు నిమిషాలు టైమర్ పెట్టి, ఉన్న చోటు నుంచి లేచి నడవండి. చల్లటి నీళ్లు గుటక గుటకగా తాగండి. ముక్కుతో లోతుగా పీల్చి నోటితో నెమ్మదిగా పదిసార్లు వదలండి, దమ్ము లాగినప్పుడు కొంత హాయి ఆ లోతైన ఊపిరిది కూడా. నోటికి ఏదో ఒకటి కావాలంటే లవంగం, యాలక్కాయ, సోంపు, దాల్చినచెక్క ముక్క. వక్కపొడి మాత్రం వద్దు. పొగాకు లేకపోయినా వక్క స్వయంగా క్యాన్సర్ కారకం, దానికీ అలవాటు పడతారు. గుట్కా మాని వక్కపొడికి మారడం మానినట్టు కాదు.

మొదటి వారాల్లో దగ్గు, కళ్లె పెరిగితే భయపడకండి. ఊపిరి గొట్టాల్లో పొగకు పడిపోయిన సన్నని నూగు మళ్లీ కదిలి చెత్త బయటికి తోస్తోంది. రక్తం పడితే, నెల దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి. బరువు ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరుగుతుంది. నికోటిన్ ఆకలిని చంపుతుంది కాబట్టి అది లేకపోతే ఆకలి తిరిగొస్తుంది. మొదటి రెండు నెలల్లో బరువు తగ్గించే ఆహార నియమాలు పెట్టుకోవద్దు, రెండు యుద్ధాలు ఒకేసారి చేయలేరు. జేబులో వేయించిన శనగలు, ఇంట్లో దోసకాయ ముక్కలు ఉంచుకోండి. దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, బతకాలనిపించకపోతే అది ఓర్చుకోవలసింది కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒకటి తాగేస్తే

జారడానికి పెద్ద కారణాల్లో ఒకటి మద్యం. రెండు పెగ్గులు పడ్డాక ఏ నిర్ణయమూ నిలవదు. కనీసం మొదటి నెల దాని జోలికి వెళ్లవద్దు. ఒకటి తాగేసినంత మాత్రాన మానడం చెడిపోలేదు. అదే రోజు రెండోది తాగకపోవడమే ఇప్పుడు చేయాల్సిన పని. ప్యాచ్ తీసేయవద్దు. ఒక సిగరెట్ తాగినా ప్యాచ్ ఉంచుకోవచ్చు, వికారం వస్తే అది మోతాదు ఎక్కువైందన్న గుర్తు. ఎక్కడ, ఎవరితో, ఏ గంటకు జరిగిందో పాత కాగితం మీదే రాయండి. పొద్దున అయితే మోతాదు చాలడం లేదు, గమ్ పెంచాలి. స్నేహితులతో అయితే మోతాదు పెంచి లాభం లేదు, ఆ చోటు కొన్నాళ్లు మానాలి. నాలుగైదు సార్లు ప్రయత్నించాక నిలబడినవారు ఎందరో. ప్రతిసారీ కొత్తగా ఒక సందర్భం బయటపడుతుంది.

మాట సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356 ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. సిగరెట్ పెట్టె మీదే ఈ నంబరు ఉంటుంది. 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే మానే రోజుల్లో ఫోనుకు సందేశాలు వస్తాయి. జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే కేంద్రం ఎక్కడుందో అడగండి.

మానిన వారంలోనే ఒకసారి పట్టపగలు వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. ఖైనీ పెట్టిన చోట పెదవి లోపల, బుగ్గల లోపల, నాలుక కింద, పక్కల, అడ్డపొగ తాగేవారైతే అంగిలి. తుడిచినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, గట్టిపడిన చోటు ఉంటే పంటి డాక్టరుకు చూపించండి. మూడు వేళ్లు నిలువుగా పేర్చి పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే, కారం తగిలితే నోరు మండుతుంటే గుట్కా, వక్కల వల్ల బుగ్గలు బిగుసుకుపోతున్నాయని. కారం తగలనప్పుడు దానికి నొప్పి ఉండదు కాబట్టే చాలామంది ఆలస్యంగా వస్తారు. ఇదే పరీక్ష మూడు నెలలకోసారి చేసుకోండి.